"చేరండి, రిపేర్లు తర్వాత చేయిస్తాం" అంటే అడ్వాన్స్ ఇవ్వకండి

హైదరాబాద్‌లో అద్దెకు ఫ్లాట్ వెతుకుతున్నవాళ్ళ కోసం ఈ హెచ్చరిక. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తారు. ఇల్లంతా కొత్త పెయింట్ వాసన. బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు గోడ మాత్రం మిగతా గోడలకన్నా ఒక ఛాయ తేడాగా కనిపిస్తుంది. అడిగితే "అది పాత మరకండీ, పైవాళ్ళు బాగుచేయించేశారు" అంటారు. గీజర్ వేడెక్కట్లేదంటే "మీరు చేరండి, మనిషిని పంపిస్తాం" అంటారు. ఈ రెండు మాటలు నమ్మి రెండు నెలల అడ్వాన్స్, బ్రోకర్ కమీషన్ కట్టేసి సామాన్లు దింపుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆర్నెల్లయినా ఆ గోడకు బీరువా ఆనించలేక గది మధ్యలో పెట్టుకుని ఉంటారు.

ఓనర్లందరూ మోసగాళ్ళని కాదు. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ నష్టం ఓనరుది, కాబట్టి రిపేర్ తొందర కూడా ఆయనదే. అడ్వాన్స్ చేతికందాక ఆ తొందర మీదవుతుంది. అందుకే బేరం ఏదైనా టోకెన్ ఇచ్చేలోపే తేలాలి.

ముందు చెమ్మ గోడ సంగతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

తడి ఆరని గోడ మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత వెనకనుంచి నీరు తోసుకొచ్చి బుడగలు లేస్తాయి, గోడలోని ఉప్పు తెల్లటి పొడిలా బయటికి తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. నీరు వచ్చే దారి మూసి, గోడను కనీసం మూడు నాలుగు వారాలు ఆరనిచ్చి, ఆ తర్వాత రంగు వేయాలి. ఇల్లు ఖాళీ అయిన వారానికే మెరిసే గోడ కనిపిస్తే ఆ నాలుగు వారాలు గడవలేదనే అర్థం.

ఇల్లు చూడ్డానికి పొద్దున ఏడూ తొమ్మిది మధ్య వెళ్ళండి. పై అంతస్తులో స్నానాలు జరిగే వేళ అది. బాత్రూమ్ ఆనుకుని ఉన్న గోడను అవతలి గదిలోంచి మోకాలి ఎత్తున మీ చేతి వెనకవైపుతో తాకి చూడండి. చుట్టుపక్కల కన్నా చల్లగా తగిలితే లోపల తడి ఉండొచ్చు. రూపాయి బిళ్ళతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ గోడనుంచి విడిపోయింది. బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్‌లో ఒక పలక తీయించి టార్చ్ వేసి చూడండి. పై బాత్రూమ్ నాహాని ట్రాప్ (నేలమీది నీళ్ళు బయటికి పోయే జాలీ కింది వంపు) పైపు స్లాబులోంచి దిగే చోట తుప్పు రంగు చారలో, సుద్దలా గట్టిపడిన తెల్లటి బొట్లో ఉంటే అక్కడ కొన్నాళ్ళుగా కారుతోంది. ఫాల్స్ సీలింగ్ తీయడానికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

నీరు ఎక్కడినుంచి వస్తోందో తేల్చకుండా చేసే రిపేరుకు పెట్టే ఖర్చు దండగ. చెమ్మ మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ వేయండి. రెండు రోజులకోసారి మళ్ళీ గీయండి. పగలూ రాత్రీ తేడా లేకుండా సమంగా పెరుగుతుంటే నీళ్ళొచ్చే పైపు కారుతోంది, గోడలో దాగిన జాయింటు పోయిందన్నమాట. పైవాళ్ళు స్నానం చేసిన గంట రెండు గంటలకు తడి ఎక్కువై, ఊరెళ్ళినప్పుడు తగ్గితే అది నీళ్ళు బయటికి పోయే వైపు లోపం. టైల్స్ మధ్య సందులు కావచ్చు, ట్రాప్ కావచ్చు. వానాకాలంలో మాత్రమే కనిపిస్తే బయటి గోడ పగులు, కిటికీ కింది అంచు, లేదా డాబా. డాబా కిందే ఉండే చివరి అంతస్తు ఫ్లాట్‌ను ఎండాకాలంలో చూసి తీసుకునేవాళ్ళు అదే అంతస్తులో పక్క ఫ్లాటువాళ్ళను "వానకు మీకు కారుతుందా" అని అడగకుండా రాకండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో నేలనుంచి నడుం ఎత్తుదాకా పట్టీలా చెమ్మ ఉంటే అది భూమిలోంచి ఎక్కే తడి. దానికి పూటలో అయ్యే రిపేర్ లేదు. ఆ ఇల్లు వదిలేయండి.

నీళ్ళు పోయే వైపే లోపం అనుకున్నా నిర్ధారణ చేసుకోవాలి. పై బాత్రూమ్ ట్రాప్‌కు గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తున నీళ్ళు నిలబెట్టి, అందులో బట్టలకు వాడే నీలిమందు కలిపి 24 గంటలు ఉంచుతారు. కింద నీలం చార కనిపిస్తే వాదన అక్కడితో ఆగిపోతుంది. టైల్స్ సందులైతే పాత తెల్ల సిమెంటు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపడం ఒకరోజు పని, మరో రోజు ఆరాలి. ట్రాప్ పోతే టైల్స్ పగలగొట్టాలి, ట్రాప్ మార్చాలి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయాలి, మళ్ళీ 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడాలి, ఆ తర్వాతే టైల్స్ అతకాలి. పైవాళ్ళు వారం రోజులు ఆ బాత్రూమ్ వాడకూడదు. ఆలస్యానికి అసలు కారణం ఇదే. మీ ఓనరు "పైవాళ్ళు చేయించాలి" అంటాడు, పై ఓనరు "అసోసియేషన్ చూసుకోవాలి" అంటాడు, అసోసియేషన్ సెక్రటరీ "ఇది ఇద్దరు ఓనర్ల మధ్య విషయం" అంటాడు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడతారు, గోడ మాత్రం తడుస్తూనే ఉంటుంది. ఫిర్యాదు రాస్తే ముగ్గురికీ ఒకే మెసేజ్, ఒకే గ్రూపులో పెట్టండి. విడివిడిగా చెబితే విడివిడిగా తప్పించుకుంటారు.

కరెంటు విషయంలో వాయిదా ఒప్పుకోవద్దు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. సాకెట్ చుట్టూ నల్లబడినా, ప్లగ్ మెత్తబడినా వైరు మార్చాల్సిందే. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, ఉంటే దాని "టెస్ట్" బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టు. పాత ఫ్లాట్లలో ఎంసీబీలు మాత్రమే ఉంటాయి. అవి ఓవర్‌లోడ్‌కో షార్ట్‌కో పడతాయి కానీ, నీళ్ళలోకి వచ్చే కొద్దిపాటి కరెంటుకు పడవు. బోరు నీళ్ళ సున్నం పట్టి, గీజర్‌లో నీళ్ళు వేడిచేసే ఎలిమెంట్ పైపొర చిల్లిపడితే కుళాయి ముట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది. అంతవరకూ తెచ్చుకోకండి. ఎర్తింగ్ సరిచేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టేదాకా గీజర్ ఆన్‌లో ఉండగా స్నానం వద్దు.

గీజర్ రిపేర్‌లో ఇంకో తంతు కూడా ఉంది. ఎలిమెంట్, థర్మోస్టాట్ మార్చడం గంట పని. నీళ్ళు తుప్పు రంగులో వస్తుంటే, కింది మూత దగ్గర గాస్కెట్ మార్చినా కారుతుంటే, ట్యాంకే పోయింది. అయినా కొత్త గీజర్ ఖర్చు తప్పించుకోవడానికి మెకానిక్‌ను రెండోసారి, మూడోసారి పంపుతుంటారు. మెకానిక్‌ చేత బిల్లు మీద "ట్యాంక్ లీక్" అని రాయించుకోండి.

కుళాయి వాషర్, యాంగిల్ కాక్ చుట్టూ టెఫ్లాన్ టేపు, తలుపు గొళ్ళెం వంటి చిన్న పనులకు ఓనరుకు ఫోన్ చేసి మీ మాట విలువ తగ్గించుకోకండి.

ఏ రిపేరు ఎవరిది? కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఒక జాబితా ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. అయినా రిపేర్ల బాధ్యత పంచుకోవడానికి పనికొస్తుంది. అందులో కట్టడానికి సంబంధించిన రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి. వాషర్లు, కుళాయిలు, డ్రైనేజీ శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, కమోడ్, వాష్‌బేసిన్, గీజర్ రిపేర్లు అద్దెదారువి. గీజర్ ఓనరు ఖాతాలోదని మనలో చాలామంది అనుకుంటాం, ఈ జాబితా అలా అనడం లేదు. కాబట్టి గీజర్ పేరు అగ్రిమెంట్‌లో విడిగా ఉండాలి.

అగ్రిమెంట్ మాట ఊరికే అనడం లేదు. నగరాల్లో నెల అద్దె 3,500 దాటిన ఇళ్ళకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు, అంటే ఇప్పటి ఫ్లాట్లలో దాదాపు దేనికీ వర్తించదు. మిగిలేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు తాను చేయించాల్సిన రిపేర్లు నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయించకపోతే అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలోంచి వడ్డీతో సహా తగ్గించుకోవచ్చు. వినడానికి బాగుంది. మెలిక "తాను చేయించాల్సిన" అన్న మాటలో ఉంది. ఆ బాధ్యత ఒప్పందంలో రాసి లేకపోతే ఈ హక్కుకు కాళ్ళుండవు. పైగా "అన్ని రిపేర్లూ అద్దెదారే" అని అచ్చు ఫారంలో ఉంటే ఆ సెక్షన్‌కన్నా ఫారమే ముందు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింట్ చేసిచ్చే రెడీమేడ్ 11 నెలల అగ్రిమెంట్లలో ఈ వాక్యం తరచుగా ఉంటుంది. సంతకానికి ముందు కొట్టేయించి, ఈ అర్థం వచ్చేలా రాయించండి:

"గోడల చెమ్మ, పైపులు, వైరింగ్, గీజర్ రిపేర్లు యజమాని బాధ్యత. వాట్సాప్‌లో తెలియజేసిన 7 రోజుల్లో, కరెంటు, నీటి సమస్యలైతే 48 గంటల్లో పని మొదలుపెట్టాలి. లేనిపక్షంలో అద్దెదారు చేయించి, బిల్లు పంపి, వచ్చే నెల అద్దెలో తగ్గించుకోవచ్చు. రూ. 3,000 లోపు పనులకు ముందస్తు అనుమతి అక్కర్లేదు."

ఆ మూడు వేల వాక్యం చాలా ముఖ్యం. మన దగ్గర సగం ఫ్లాట్లకు ఓనరు డాలస్‌లో, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఖర్చు పెట్టే అధికారం కూకట్‌పల్లిలో ఉన్న బావమరిది దగ్గర ఉంటాయి. ప్లంబరుకు ఎనిమిది వందలు ఇవ్వడానికి ముగ్గురు నిద్రలేవాలి. ఎన్‌ఆర్‌ఐ ఓనరైతే ఇంకో లెక్క కూడా ఉంది. అద్దె ఎంత తక్కువైనా కట్టేవాళ్ళే టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) మినహాయించాలి, మామూలుగా 31.2 శాతం. ఈ మాట బ్రోకర్ చెప్పడు.

అదే 108వ సెక్షన్‌లో మొదటి మాట ఇంకా పదునైనది. మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని పెద్ద లోపం ఓనరుకు తెలిసి ఉంటే, అద్దెకు వచ్చేవాళ్ళకు చెప్పితీరాలి. అందుకే టోకెన్‌కు ముందు వాట్సాప్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "నమస్తే అండీ, బెడ్‌రూమ్ గోడకు చెమ్మ సమస్య ఉందా? గత ఏడాదిలో ఏమైనా రిపేర్ చేయించారా?" "లేదు" అని జవాబొస్తే ఆ మెసేజ్‌ను దాచుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, ఫోన్‌లో అసలు చాట్ చెరిపేయకూడదు.

చేరాక ఫిర్యాదు ఇలా ఉంటే పని జరుగుతుంది: "అండీ, జూన్ 3న మాస్టర్ బెడ్‌రూమ్ తూర్పు గోడకు చెమ్మ 2 అడుగులు. ఈరోజు 10న 3 అడుగులు. ఫోటోలు పెట్టాను. పై ఫ్లాట్ స్నానాల వేళ పెరుగుతోంది. 17లోపు ప్లంబర్‌ను పంపండి, పొద్దున 10 తర్వాత ఎప్పుడైనా ఇంట్లో ఉంటాం." ఫోటోలో స్కేలో టేపో ఆనించి తీయండి. "గోడ పాడైంది సార్, కాస్త చూడండి" అని పంపితే వాళ్ళు కాస్త చూసి ఊరుకుంటారు. గడువు దాటితే అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు ప్రింట్ తీసి పెట్టుకోండి. తర్వాత రెండు కొటేషన్లు తెప్పించి, ఓనరుకు పంపి, పని చేయించి, బిల్లు ఖర్చు మాత్రమే తగ్గించి మిగతా అద్దె బ్యాంకు ద్వారా వేయండి. రిమార్క్స్‌లో "జులై అద్దె, ప్లంబింగ్ బిల్లు పోను" అని రాయండి.

కోపంలో అద్దె మొత్తం ఆపేయకండి. అప్పటిదాకా తప్పు ఓనరుది, ఆపిన మర్నాటినుంచి బాకీదారు మీరు. ఖాళీ చేయించడానికి అంతకన్నా సులువైన కారణం ఆయనకు దొరకదు.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం హైదరాబాద్ ఆనవాయితీ. అగ్రిమెంట్‌లో ఉంటే తప్పదు. కానీ చెమ్మ గోడ పుట్టీ, ప్లాస్టరింగ్ ఖర్చు కూడా దానికి కలిపి అడ్వాన్స్‌లో పట్టుకుంటారు. అప్పుడు పనికొచ్చేవి చేరిన రోజు సామాన్లు దింపకముందు గదిగదికీ తీసిన వీడియో, గోడ మీద తేదీలతో ఉన్న పెన్సిల్ గీతలు. వెళ్ళిపోయే ముందు ఆ గీతలు తుడవకండి, ఫోటో తీసుకుని అలాగే వదిలేయండి. తర్వాత ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకు కూడా కనిపిస్తాయి.