మంకీ ఐలాండ్‌తో పన్నెండేళ్ల వెటకారం

‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ తెచ్చిన కంప్యూటర్ ఆట. నా దగ్గరున్నది అదే ఆట కొత్త బొమ్మలతో వచ్చిన 2009 నాటి స్పెషల్ ఎడిషన్. కొని పన్నెండేళ్లయింది. అప్పటినుంచి ఏటా వరదల్లో, లంకల చుట్టూ గోదావరి ఎర్రబడి పంటు ఆగిపోయిన రోజుల్లో, మొదటినుంచి ఒకసారి ఆడతాను. చిక్కుముడులన్నీ కంఠతా వచ్చేశాయి. అయినా ఆడుతున్నది దాని వెటకారం కోసం. మా వైపు దాన్ని ఎవరూ పనిగట్టుకుని నేర్పక్కర్లేదు.

గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడికి సముద్రపు దొంగ కావాలని కోరిక. అందుకు కత్తియుద్ధం రావాలి. ఈ ఆటలో కత్తి ఊరికే తిరుగుతుంది, గెలిపించేది మాట. అవతలివాడు ఒక దెప్పు విసురుతాడు. దానికి అతికే జవాబు మన దగ్గరుంటే మనది పైచేయి. లేకపోతే ఓడిపోయి, ఆ దెప్పునే ఇంకొకడి మీద విసిరి, వాడిచ్చే జవాబు నేర్చుకోవాలి. తీరా కత్తియుద్ధంలో మేటి అయిన కార్లా దగ్గరికి వెళితే ఆవిడ అన్నీ కొత్త దెప్పులే వేస్తుంది. పాత జవాబుల్లోంచే వాటికి నప్పేది ఏరుకోవాలి. వాదనకు దిగినవాడి కష్టం తెలిసినవాళ్లు రాసిన ఆట ఇది.

ఒకసారి మావయ్య పక్కన కూర్చుని చూస్తున్నారు.

“ఏమంటున్నాడు అల్లుడూ వాడు?”

“నువ్వు పాడిరైతులా పోరాడుతున్నావు అంటున్నాడు మావయ్యా.”

దానికి ఆటలో ఉన్న జవాబు ‘సరిపోయింది, నువ్వు ఆవులా పోరాడుతున్నావు’. నేను దాన్ని వెతికి నొక్కేలోపే మావయ్య నోట్లో చుట్ట తీయకుండా, “అందుకేగా నిన్ను చూడగానే నా చెయ్యి పలుపు కోసం వెతుక్కుంటోంది” అన్నారు. ఆ జవాబు ఆటలో లేకపోవడం నాకిప్పటికీ లోటే.

నాకు అన్నిటికంటే ఇష్టం విగ్రహం ఘట్టం. గైబ్రష్‌ను బరువైన విగ్రహానికి కట్టి నీళ్లలో తోసేస్తారు. పది నిమిషాలు ఊపిరి బిగబడతానని అంతకుముందే గొప్పలు పోయి ఉంటాడు. చుట్టూ పదునైన వస్తువులు బోలెడు, ఒక్కటీ చేతికందదు. తాడు కోసేదెలాగని మొదటిసారి నాకు చెమటలు పట్టాయి. చేయాల్సిందల్లా ఆ విగ్రహాన్ని ఎత్తుకుని నడిచి పైకి రావడం. కాసేపటి క్రితం దాన్ని దగ్గర పెట్టుకుని తిరిగింది మనమే కదా! ఒకరోజు కావాలనే పది నిమిషాలు కదపకుండా కూర్చున్నాను. నిజంగానే చచ్చిపోయాడు.

నడుమ కప్పీ ఉన్న రబ్బరు కోడి గురించి అందరూ చెబుతారు. దాన్ని తీగకు తగిలించి పక్క దీవికి జారాలి. కాలువ మీద తాడు లాగి బల్లకట్టు దాటి పెరిగినవాణ్ని, నాకది పెద్ద వింతేమీ కాలేదు. పాత ఓడలమ్మే స్టాన్ మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్విస్తాడు. మనిషి చేతులూపుతూ ఊగిపోతుంటాడు, వాడి కోటు మీది గళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

ఇక లోపాలు. కొత్త బొమ్మలు బాగున్నా, వస్తువుల జాబితా తెర వెనక దాక్కుంటుంది. గ్రాగ్ అనే సారా లోటాలను కరిగించేస్తుంది. అది కారిపోయేలోపు ఒక లోటాలోంచి ఇంకోదాంట్లోకి వంచుకుంటూ జైలు తాళం దాకా పరుగెత్తాలి. ఆ తొందరలో జాబితా తెరుస్తూ మూస్తూ ఉండటం విసుగు. ఎఫ్10 నొక్కితే పాత బొమ్మలు, వాటితోపాటు కళ్లెదుటే ఉండే పాత జాబితా వస్తాయి. అక్కడికి రాగానే నేను చేసేది అదే.

1991లో వచ్చిన రెండో భాగంలో ఒక ఘట్టం మాత్రం మా నేలమీద మొలకెత్తదు. జలపాతాన్ని ఆపడానికి, కొయ్యలా బిగుసుకుపోయిన కోతితో పంపు తిప్పాలి. ఇంగ్లీషులో ఒకరకం పానాను ‘మంకీ రెంచ్’ అంటారు, హాస్యమంతా ఆ పేరులోనే ఉంది. మా చేలకు నీళ్లు తోడే ఇంజను బాగుచేసే కుర్రాడికి అది చూపించాను. రెండుసార్లు వేయించుకుని చూసి, సంచీ విప్పాడు.

“అంత కష్టమెందుకండి, నా పానా ఇస్తాను, అతనికి ఇచ్చేయండి” అన్నాడు.