డచ్ పొడుగు మాటలు విరవడం నేర్పిన ఆన్‌లైన్ క్లాసు

మా ఆయన నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో పని చేస్తున్నారు. నేనింకా నల్లగొండలోనే, అత్తమ్మ దగ్గర ఉన్నాను. వెళ్లేలోపు డచ్ నేర్చుకోవాలని ఈ క్లాసులో చేరాను. ఎనిమిది వారాలు, ఆరు వేలు, బ్యాచ్‌కి ఆరుగురు. చెప్పే మేడమ్ యూట్రెక్ట్‌లో ఉండే తెలుగావిడే.

నా టెన్షనంతా పొడుగు మాటల గురించే. ఆయన ఆరోగ్య బీమా ఉత్తరం ఫోటో తీసి పంపితే, అందులో ‘జోర్ఖ్‌వెర్‌జేకెరింగ్’ అని ఒకే ముద్దగా ఉంది. క్లాసులో అదే చూపించాను, అక్షరాలన్నీ సమానంగా చదివాను. మేడమ్ ఆపి, "ముందు అతుకెక్కడుందో చూడమ్మా" అన్నారు. జోర్ఖ్ అంటే సంరక్షణ, మిగతాది బీమా. బీమా మాట విడిగా ఉంటే ‘జే’ని నొక్కాలి. ముందు జోర్ఖ్ చేరిందంటే పెద్ద నొక్కు దానికే, ‘జే’కి కొంచెమే మిగులుతుంది.

తర్వాత మా ఊరి పేరే విరవమన్నారు. నల్ల, కొండ, అతుకు దగ్గర ‘క’ కాస్తా ‘గ’ అయింది. డచ్‌లో ఆ చోట తరచుగా ‘ఎస్’ గానీ ‘ఈ-ఎన్’ గానీ వచ్చి కూర్చుంటుందట. ఆసుపత్రిని ‘జీకెన్-హాయిస్’ అంటారు, అంటే రోగుల ఇల్లు. ఇలా చెబితే నాకెందుకు ఎక్కదు!

నాకు బాగా నచ్చింది ‘massagebed’ పాఠం. క్షమించండి, తెలుగులోనే రాస్తాను: ఎం-ఏ-ఎస్-ఎస్-ఏ-జి-ఈ-బి-ఈ-డి. రెండో అక్షరం ‘సా’ని నొక్కితే మసాజ్ చేసే మంచం. మొదటి ‘మా’ని నొక్కి, ‘మాస్సా-ఖెబెట్’ అని విరిస్తే జనమంతా కలిసి చేసే ప్రార్థన. రాత ఒక్కటే, నొక్కును బట్టే అర్థం. ఆ రోజు వంటింట్లో గిన్నెలు తోముతూ రెండూ పలికి చూసుకున్నాను.

ఆఖరి వారం పని చేయలేని స్థితికి ఇచ్చే బీమా పేరు చదివించారు. 33 అక్షరాల మాట, పలికితే పది ముక్కలు: ఆర్-బెయిట్స్-ఒన్-ఖె-స్ఖిక్ట్-హెయిట్స్-వెర్-జే-కె-రింగ్. తడబడకుండా చదివాను.

లోపాలూ ఉన్నాయి. మొదటి ముక్కనే నొక్కాలన్న సూత్రానికి మినహాయింపులు ఆరో వారం దాకా చెప్పలేదు. మున్సిపల్ ఆఫీసును ‘స్టాట్-హాయిస్’ అంటారు, అక్కడ నొక్కు ‘హాయిస్’ మీద. నేను అప్పటికి నెల రోజులుగా తప్పుగానే పలుకుతున్నాను, ఆయన ఫోన్‌లో దిద్దారు. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక, మన టైములో రాత్రి ఎనిమిదిన్నర క్లాసు తొమ్మిదిన్నరకి పోయింది, ముందుగా ఎవరూ చెప్పలేదు. పిల్లలున్నవాళ్లకు అది కష్టం. రికార్డింగులు మాత్రం అదే రాత్రి పెడతారు.

వ్యాకరణం మాత్రమే కావాలంటే ఇంకోటి చూసుకోండి. చూసిన మాటను నోటితో పలకాలంటే ఇందులో చేరండి. నేను రెండో లెవెల్‌కి డబ్బు కట్టేశాను.