మెరైన్ ప్లై అన్నంత మాత్రాన కొనకండి, ముక్క కోసి ఉడకబెట్టండి

పడవ కట్టుకుందామని ప్లైవుడ్ కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నా పదకొండడుగుల తెరచాప పడవ ఇప్పుడు పాకలో బోర్లా పడుంది. అడుగు చెక్క ఆత్రేయపురం పూతరేకులా పొరలు విడిపోయింది.

టౌనులో ఒక షాపులో 6 ఎం.ఎం. షీట్లు మూడు తీసుకున్నాను. "మెరైన్ అండీ, పదేళ్ళు నీళ్ళలో నానినా ఏం కాదు" అన్నాడు. షీటు మీద ఎర్రటి అక్షరాలతో మెరైన్ అని ముద్ర కూడా ఉంది. వేరే చోట కంటే షీటుకి 800 తక్కువ. అక్కడే అనుమానం రావాల్సింది, సంతోషం వచ్చింది.

మొదటిరోజు కాలువలో వదిలితే హాయిగా తేలింది. ఆ ధైర్యంతో రెండు రాత్రులు రేవులోనే కట్టేసి, మూడోనాడు మధ్యాహ్నం గోదావరి పాయ వైనతేయలోకి దిగాను. పాటు, అంటే పోటు తగ్గేటప్పటి నీటి ఒరవడి, సముద్రం వైపు లాగుతోంది, గాలేమో సముద్రం మీంచి ఎదురొస్తోంది. ఆ రెండూ ఎదురెదురైతే నీళ్ళు ఎలా లేస్తాయో ఏటి ఒడ్డున పుట్టినోళ్ళకి చెప్పక్కర్లేదు. తెరచాప నిండగానే పడవ పక్కకి కొట్టుకుపోకుండా అడుగున దించే బల్ల ఉంటుందే, డాగర్‌బోర్డు, దాని మీద బరువంతా పడింది. అది దిగే గాడి దగ్గర చెక్క 'పట్'మని విచ్చుకుంది. అయిదు నిమిషాల్లో మోకాలి లోతు నీళ్ళు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. వల వేసుకుంటున్న బాబాయి ఒకాయన తాడు విసిరి ఒడ్డుకి లాగాడు. లాగుతూనే "అట్టపెట్టెతో కట్టేవేంట్రా?" అన్నాడు.

నా తప్పూ ఉంది. గాడి లోపలి అంచులకి నీరు ఇంకకుండా ఆపే ఎపాక్సీ పట్టించకుండా రంగుతో సరిపెట్టాను. కానీ అసలు మోసం షీటులోనే. ఇంటికొచ్చి చూస్తే ఐ.ఎస్.ఐ. గుర్తు పైన ఐ.ఎస్. 303 అనీ (ఐ.ఎస్. అంటే భారత ప్రమాణం నంబరు), పక్కనే ఎం.ఆర్. అనీ చిన్నగా ఉంది. అది ఇంట్లో బీరువాలకి, అల్మరాలకి వాడే రకం, చెమ్మకి మాత్రమే ఓర్చుకుంటుంది. పడవకి కావాల్సింది ఐ.ఎస్. 710. దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా ఊడకూడదు. మిగిలిన ముక్క పాత గిన్నెలో ఉడకబెడితే గంట తిరక్కుండానే విడిపోయింది. ఈ పని కొనేముందు చెయ్యాల్సింది. ఇంట్లో నాలుగు గంటలు ఉడికించినంత మాత్రాన మంచిదని తేలిపోదు గానీ, దొంగ సరుకు మాత్రం దొరికిపోతుంది.

షాపుకెళ్తే "నీళ్ళలో పెట్టమని నేను చెప్పానా?" అన్నాడండి! బిల్లులో ఉన్నది 'ప్లై 6 ఎం.ఎం.' అని అంతే. అందుకే బిల్లు మీద ఐ.ఎస్. 710 అని రాయించుకోండి. గుర్తు కింద సి.ఎం./ఎల్. నంబరుంటుంది, దాన్ని షాపులో నిలబడే, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బి.ఐ.ఎస్. వాళ్ళ బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడండి. లైసెన్సు ఎవరిదో, ఏ రకానికో తెలుస్తుంది.

మిగిలిన షీటు కోళ్ళగూటికి కప్పేశాను. తెరచాప, దాన్ని కట్టే కొయ్య, చుక్కాని బాగానే ఉన్నాయి. అమలాపురం చుట్టుపక్కల 710 షీటు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి. ముందుగా చిన్న ముక్క కోసిచ్చేవాళ్ళయితేనే.