తెరచాపల పెట్టె చేయించుకునేవారికి హెచ్చరిక: ‘మెరైన్’ అన్న మాట ఒక్కటే నమ్మి డబ్బు కట్టకండి

విశాఖపట్నంలో చిన్న తెరచాప పడవలు నడుపుతూ, ఆ సామాను ఆరుబయట దాచుకోవడానికి పెట్టె చేయించుకోదలచినవారు దయచేసి నాకు జరిగిన నష్టాన్ని గమనించగలరు. ఋషికొండ దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఇంటి పెరటి కోసం, ఏడున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంతే లోతు ఉన్న పెట్టెను నగరంలోని ఒక ఫర్నిచర్ తయారీదారు చేత మే నెలలో చేయించుకున్నాను. హుద్‌హుద్ మళ్లీ వచ్చినా చెక్కుచెదరదని ఆయన హామీ ఇచ్చారు. తుఫాను రాలేదు, అక్టోబరులో పడిన మామూలు వానలకే మూత అంచు పూతరేకులా పొరలు పొరలుగా విడిపోయింది.

బిల్లులో ‘మెరైన్ ప్లైవుడ్, మూడు షీట్లు’ అని మాత్రమే ఉంది. అసలైన మెరైన్ ప్లైవుడ్‌కు, అంటే నీటిని తట్టుకునేలా చేసిన ప్లైవుడ్‌కు, వర్తించే భారత ప్రమాణం ఐ.ఎస్. 710, ఆ రకం 72 గంటలు మరిగే నీటిలో ఉన్నా పొరలు విడిపోకూడదు. పని ముగిశాక వడ్రంగి వదిలివెళ్లిన ముక్క ఒకటి నా దగ్గర ఉండగా, దానిని గిన్నెలో వేసి మరిగించాను. గంట తిరగకముందే పొరలు వేలితో లాగితే ఊడివచ్చాయి. రంగు వేశాక ఏ షీటు ఏదో ఎవరూ చెప్పలేరు కనుక, కోత మొదలుకాకముందే దుకాణానికి వెళ్లి, ప్రతి షీటు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, 710 అంకె, లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసి, ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకుని, ఫోటో తీసి ఉంచుకోండి. కోసిన అంచులకు ఎపాక్సీ (నీరు చొరనివ్వని గట్టి జిగురు పూత) పూయడం కూడా మీ కళ్లెదుటే జరగాలి, ఎందుకంటే నీరు ముందుగా పీల్చుకునేది అంచులే.

బందులు, గడియ, మరలు స్టెయిన్‌లెస్ స్టీలే అన్నారు. మూడు నెలలకే మరల చుట్టూ తుప్పు కారి, పెద్ద తెరచాప మీద రెండు వేళ్ల వెడల్పున గోధుమరంగు చార పడింది. అది ఉతికినా పోలేదు. ఉప్పుగాలికి మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం స్టీలే మేలు. అయస్కాంతం పెట్టి చూస్తే మామూలు రకమైన 304కూ 316కూ తేడా తెలియదు కాబట్టి, బిల్లులో ఆ అంకె తప్పకుండా రాయించుకోండి.

చీమ కూడా దూరదని గొప్పగా చెప్పి, చుట్టూ రబ్బరు బీడింగ్ బిగించి, గాలి ఆడే రంధ్రం ఒక్కటీ పెట్టలేదు. ఒకసారి తెరచాపను పూర్తిగా ఆరనివ్వకుండా లోపల పెట్టిన తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయినా తెరచాపకు పట్టిన బూజు అంతలా వ్యాపించడానికి కారణం గాలి లేకపోవడమే. మూత అంచు కింద రెండు పక్కలా జాలీలు, అడుగున నీరు పోయే రంధ్రాలు, నేలకు నాలుగంగుళాల ఎత్తున కాళ్లు తప్పనిసరిగా అడగండి.

తయారీదారును నిలదీస్తే, “సముద్రపు గాలికి ఏదైనా పోతుందండీ” అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను కానీ, బిల్లులో ప్రమాణం అంకె లేకపోవడం వల్ల నా వాదన బలహీనపడింది. తెరచాపలు ప్రస్తుతం మంచం కింద ఉన్నాయి. విడిపోయిన మూతను మాత్రం, చూడదలచినవారి కోసం పారేయకుండా ఉంచాను.