పగిలిన ఫాగ్ లైటు, నల్గొండలో ఒక చిన్న ఎలక్ట్రికల్ దుకాణం

నల్గొండ పట్టణంలో హైదరాబాద్ రోడ్డు మీద, టైర్ల దుకాణాల వరుస ముగిసే చోట, కార్ల ఎలక్ట్రికల్ పనులు మాత్రమే చేసే ఒక దుకాణం ఉంది. బోర్డు ఎండకు వెలిసిపోయి పేరు చదవడానికి వీలు లేకుండా ఉంది. గుమ్మం పక్కన మేకుకు వేలాడదీసిన పాత హారన్ల గుత్తే దానికి గుర్తు. గత నెలలో మా కారు ఎడమవైపు ఫాగ్ లైటు అక్కడే మార్పించాను. పని నాకు నచ్చింది, రెండు మూడు విషయాలు నచ్చలేదు. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

తిప్పర్తి దాటి మిర్యాలగూడ వైపు వెళ్తుండగా ముందు పోతున్న కంకర టిప్పర్ నుంచి ఒక రాయి ఎగిరి వచ్చి బంపరు కింది భాగానికి తగిలింది. ఇంటికి వచ్చి చూస్తే ఫాగ్ లైటు అద్దం మీద, కింది మూల నుంచి మధ్య వరకు, వెంట్రుకంత సన్నని చీలిక కనిపించింది. బల్బు వెలుగుతూనే ఉంది కనుక పట్టించుకోలేదు. రెండు వానలు పడిన తర్వాత లైటు అడుగున చెంచాడు నీళ్లు నిలిచాయి, లోపల అద్దమంతా మసకబారింది. నేను వారానికి రెండుసార్లు తెల్లవారుజామున నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్తాను. చలికాలంలో పానగల్ దగ్గర ఉదయసముద్రం చెరువు వైపు నుంచి మంచు రోడ్డు మీదికి కమ్ముకున్నప్పుడు హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని గోడ తప్ప మరేమీ కనిపించదు. మంచు బిందువులకు తగిలిన కాంతి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. బంపరు కింద నుంచి వెడల్పుగా, నేలను అంటుకుని పరుచుకునే ఫాగ్ లైటు వెలుగే అప్పుడు రోడ్డు అంచును చూపిస్తుంది. అందువల్ల దీన్ని చలికాలం దాకా వాయిదా వేయడం మంచిది కాదనుకున్నాను.

మొదట ఒక కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లాను. బంపరు మొత్తం దించాలని, లైటు పూర్తి సెట్టుగానే వస్తుందని, పనికూలితో కలిపి నాలుగు వేల ఆరు వందలు అవుతుందని, సరుకు రావడానికి వారం పడుతుందని చెప్పారు. ఇన్సూరెన్సు క్లెయిము వేసుకోవచ్చని కూడా సలహా ఇచ్చారు గానీ, కాగితం మీద లెక్క వేసి చూస్తే అది దండగ. 1,500 సీసీ లోపు ప్రైవేటు కార్లకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. భాగాల అరుగుదలను లెక్కలో తగ్గించని జీరో డిప్రిసియేషన్ పాలసీ లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగం కోత పడుతుంది. దానికి తోడు అప్పటిదాకా క్లెయిము లేకుండా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. చేతికి వచ్చే దానికంటే వచ్చే ఏడాది ప్రీమియంలో పోయేదే ఎక్కువ. బంపరు, హెడ్‌లైటు కలిసి దెబ్బతింటే అది వేరే లెక్క.

దుకాణం యజమానికి అరవై ఏళ్లకు దగ్గర ఉంటాయి. ఆయన కారు ముందు గొంతుక్కూర్చుని, టార్చి వేసి, చీలిక మీద గోటితో నెమ్మదిగా గీకి చూశారు. చీలిక పైనే ఉంటే గోరు జారిపోతుందని, లోతుగా దిగితే తట్టుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. సిలికాన్ పూసి మూసేస్తే సరిపోదా అని అడిగాను. "అంటిస్తే ఆగదు సార్. ఒక వానకు ఆగుతది, రెండో వానకు మళ్లీ నీళ్లు జొరబడ్తయి. ఊకె పైసలు దండగ" అన్నారు. మామూలు సిలికాన్ ట్యూబులు కొన్ని ఆరేటప్పుడు వెనిగర్ లాంటి పుల్లని వాసన వదులుతాయి, మూసిన లైటులో ఆ ఆవిరి చిక్కుకుంటే వెనకాల మెరిసే పూత దెబ్బతింటుంది. ఈ సంగతి ఆయన పాత లైటు ఒకటి చూపించి మరీ చెప్పారు. దాని లోపలి గిన్నె మెరుపంతా పోయి బూడిద రంగుకు తిరిగింది. చేతికి వచ్చే వంద, రెండు వందల పనిని వద్దనడం వల్లనే ఆయన మీద నాకు గురి కుదిరింది.

మరొక భయాన్ని కూడా ఆయనే తీర్చారు. కుడి లైటు లోపల కూడా తెల్లవారుజామున కాస్త చెమ్మ కనిపిస్తుంది, అది కూడా పోయినట్టేనా అని అడిగితే, కాదన్నారు. లైటు వెనక గాలి ఆడడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పలుచని ఆవిరి పట్టి, లైటు వేసిన కొద్దిసేపటికి ఆరిపోతే అది మామూలే. బొట్లుగా కారి అడుగున నిలిస్తేనే మార్చాలి.

సరుకు విషయంలో మూడు రకాలు ముందు పెట్టారు: కార్ల కంపెనీ పెట్టెలో వచ్చేది ఒకటి; లూమాక్స్, ఊనో మిండా వంటి లైట్ల తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మేది రెండోది; పేరు లేని చౌక సరుకు మూడోది. మూడోది చేతిలోకి తీసుకోగానే తేలికగా అనిపించింది, స్క్రూలు పట్టే చెవులు వేలితో నొక్కితే వంగుతున్నాయి. రెండో రకం తీసుకున్నాను. ఎలాగూ విప్పుతున్నాం కదా, 100 వాట్ల బల్బులు వేయమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. రెండు 55 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు లాగుతాయి. 100 వాట్లవి రెండు పెడితే పదహారు దాటుతుంది, మా కారులో ఆ లైన్‌కు ఉన్న ఫ్యూజు 15 ఆంపియర్లదే. ఫ్యూజును పెద్దది చేస్తే వైరు కాలుతుంది, వైరు ఆగినా లైటు వెనక ప్లాస్టిక్ కరుగుతుంది.

బంపరు దించవలసిన అవసరమే రాలేదు. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి, ఎడమ చక్రం ముందున్న నల్లటి ప్లాస్టిక్ తొడుగు (లైనరు) క్లిప్పులు నాలుగు లాగి, ఆ సందులోంచి చేయి పెట్టి లైటుకు వైర్లు కలిపే కప్లరు ఊడదీసి, మూడు స్క్రూలు విప్పగానే లైటు బయటికి వచ్చింది. పని చేసిన కుర్రవాడు కొత్త బల్బును వట్టి చేత్తో పట్టుకోబోతే పెద్దాయన లోపలి నుంచే "గుడ్డతోని పట్టు!" అని కేక వేశారు. హాలోజన్ బల్బు గాజుకు వేలి జిడ్డు అంటితే ఆ చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. కప్లరులో పచ్చగా పట్టిన తుప్పును బ్రష్షుతో గీకి, శుభ్రం చేసే స్ప్రే కొట్టి ఆరబెట్టారు. నీళ్లు దిగిన లైటుకు ఇది చేయకుండా కొత్త లైటు బిగిస్తే ఆరు నెలలకు మళ్లీ మిణుకుమిణుకుమంటుందట.

అసలు పనితనం ఆ తర్వాత కనిపించింది. చాలా చోట్ల లైటు వెలిగితే పని అయిపోయినట్టే. వీరు కారును దుకాణం గోడకు 25 అడుగుల దూరంలో నిలబెట్టి, లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గీసి, కాంతి పై అంచు ఆ గీతకు నాలుగు అంగుళాలు కిందికి వచ్చే వరకు లైటు పక్కనున్న సర్దుబాటు స్క్రూను తిప్పారు. ఇది సరిగ్గా లేకపోతే ఎదుటి వాహనం వారి కళ్లలో కొడుతుంది, మంచులో మనకూ ఉపయోగపడదు. చీకటి పడే వరకు ఆగమన్నప్పుడు విసుగు కలిగిన మాట నిజమే గానీ, పగటి వెలుతురులో ఆ అంచు గోడ మీద కనిపించదు.

ఇక నచ్చనివి. పదిన్నరకు రమ్మని పన్నెండు దాటాక కారు ముట్టుకున్నారు. ఆదివారం కావడంతో ముందు నాలుగు కార్లున్నాయి. బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద రాసి ఇచ్చారు, దాని మీద వారంటీ ఊసు లేదు. ఇంటికి వచ్చాక చూస్తే లైనరుకు నాలుగు క్లిప్పులకు మూడే ఉన్నాయి, స్పీడు అరవై దాటితే అది టపటపా కొట్టుకుంది. మర్నాడు వెళ్తే మారు మాట లేకుండా కొత్త క్లిప్పు పెట్టి పంపించారు. కొత్త లైటు పక్కన ఎనిమిదేళ్ల నాటి కుడి లైటు ఇప్పుడు మరీ పసుపుగా, డీలాగా కనిపిస్తోంది. జతగా మార్చుకొమ్మని ఆయన ముందే చెప్పారు, ఖర్చు చూసి నేనే వద్దన్నాను.

లైటుకు పదకొండు వందలు, బల్బుకు రెండు వందలు, పనికి మూడు వందల యాభై, మొత్తం పదహారు వందల యాభై రూపాయలు అయ్యాయి. ఐదుకు నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటి బిల్లుకు, ఆలస్యానికి. వెళ్లేవారు వారం మధ్యలో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, లైటు పెట్టె మీద ఉన్న నంబరును ఫోనులో ఫొటో తీసుకుని, పాత క్లిప్పులను లెక్కపెట్టుకుని, సుద్దగీత పని పూర్తయ్యే వరకు అక్కడే ఉండండి. సంక్రాంతి లోపు కుడి లైటు కోసం నేను మళ్లీ అక్కడికే వెళ్తున్నాను.