రిజిస్ట్రీ క్లీనరా, విండోస్ సొంత పనిముట్లా?

రిజిస్ట్రీ అంటే విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే డేటాబేస్; అందులోని ఒక్కో అరను కీ అంటారు. పనికిరాని కీలను తుడుస్తానని చెప్పే ప్రోగ్రామే రిజిస్ట్రీ క్లీనర్.

వేగం: క్లీనర్ వందల కొద్దీ లోపాలు ఎర్రగా చూపిస్తుంది. చాలావరకు అవి తీసేసిన ప్రోగ్రాముల తాలూకు మిగుళ్లే, ఒక్కోటి కొద్ది బైట్లు. విండోస్ తనకు కావలసిన కీని పేరుతో నేరుగా వెతుక్కుంటుంది కాబట్టి, వాటిని తుడిచినా తేడా తెలియదు. అదే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో అక్కర్లేనివి ఆపితే, మరుసటిసారి ఆన్ చేసినప్పుడే తేడా కనిపిస్తుంది.

ఖర్చు: క్లీనర్లలో స్కాన్ ఉచితం, సరిచేయడానికి డబ్బు అడిగేవి చాలా. భయపెట్టి అమ్మడమే వాటి వ్యాపారం. అక్కర్లేని ఫైళ్లు తుడిచే విండోస్ సొంత పనిముట్టు స్టోరేజ్ సెన్స్‌కు పైసా అక్కర్లేదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. వాడుకలో ఉన్న కీని క్లీనర్ పనికిరానిదనుకుని తీసేస్తే ఏదో ప్రోగ్రాం తెరుచుకోదు, ఫైళ్లు ఏ ప్రోగ్రాంతో తెరవాలో విండోస్‌కు తెలియదు, ఒక్కోసారి కంప్యూటరే బూట్ కాదు. పైగా విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లోకి రిజిస్ట్రీ నకలు దానంతటదే చేరడం లేదు కాబట్టి, పాడైతే అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చనుకోకూడదు.

శ్రమ: క్లీనర్‌ది ఒక్క క్లిక్కు, ఒప్పుకోవాల్సిందే.

కంప్యూటర్ మందగిస్తే, డిస్క్ నిండితే విండోస్ పనిముట్లే చాలు. పాత ప్రోగ్రాం మిగుళ్లు అడ్డుపడి కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ కానప్పుడు మాత్రం రిజిస్ట్రీ ముట్టుకోవచ్చు: ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను వెనకటి స్థితికి తెచ్చే గుర్తు) పెట్టి, రెజెడిట్‌లో (విండోస్ సొంత రిజిస్ట్రీ ఎడిటర్) ఆ కీని ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, అదొక్కటే తీసేయాలి. ఆఫీసు పని నడిచే కంప్యూటర్‌లో క్లీనర్ వద్దు.