విజయవాడ ఎండల్లో పగడాల ట్యాంకుకు చిల్లర్: కొన్ని వేసవుల వాడకం తర్వాత

మా ఇంట్లోని 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకుకు పావు హార్స్‌పవర్ చిల్లర్‌ను (నీటిని చల్లబరిచే యంత్రాన్ని) కొన్ని వేసవులుగా వాడుతున్నాను. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున వాటి జోలికి పోలేదు. నా వద్ద ఉన్నవి టోడ్‌స్టూల్ లెదర్ అనే మెత్తని పగడమూ, పగడాలకు దగ్గరి బంధువులైన కొన్ని జోయాంథిడ్లూ మాత్రమే. అయితే వేడి విషయంలో వీటి బాధా రాతి పగడాల బాధా ఒక్కటే. వాటి కణజాలంలో ఉండి ఆహారం సమకూర్చే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు, నీరు మితిమీరి వేడెక్కితే బయటకు పోతాయి, పగడం పాలిపోతుంది.

చిల్లర్‌కు ముందు నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్లు వాడాను. వడగాలి వీచే పొడి మధ్యాహ్నాల్లో అవి బాగానే చల్లబరిచేవి. ఉక్కపోత మొదలయ్యాక మాత్రం గాలిలో తేమ ఎక్కువై నీరు సరిగా ఆవిరి కాదు కనుక, ఫ్యాన్లు తిరుగుతున్నా ప్రయోజనం అంతంతమాత్రమే. పైగా ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు, మంచినీటితో పోల్చి చూసే ఉప్పునీటి సాంద్రత 1.025 దాటకుండా రోజూ ఆర్ఓ నీరు పోయవలసి వచ్చేది.

చిల్లర్ ఆ బెడద తగ్గించింది. రోహిణి కార్తెలో కూడా నీరు 26 డిగ్రీల దగ్గరే నిలుస్తోంది. అయితే కొనేవారు ముందుగా ఆలోచించవలసినది యంత్రం ధర కన్నా దానిని పెట్టే చోటు. నీటి నుంచి తీసిన వేడికి తాను వాడుకున్న కరెంటు వేడిని కూడా కలిపి అది గదిలోకే వదులుతుంది. ట్యాంకు కింది అలమరలో మూసిపెడితే తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటూ ఆగకుండా నడుస్తుంది. నేను గొట్టాలు పొడిగించి బాల్కనీలో నీడపట్టున పెట్టించిన తరువాతే కంప్రెసర్‌కు విశ్రాంతి దొరికింది, కరెంటు బిల్లూ దిగింది. గొట్టాలు పొడవైతే నీటి వేగం తగ్గుతుంది కాబట్టి పంపును కాస్త పెద్దది తీసుకోవాలి.

వేడిని బయటకు వదిలే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము త్వరగా పేరుకుంటుంది. వేసవిలో తరచూ బ్రష్‌తో దులపవలసిందే. కరెంటు పోయినప్పుడు కంప్రెసర్ ప్రారంభ భారాన్ని మా ఇన్వర్టర్ మోయలేదు, అందుచేత దాని మీద నీటిని కదిలించే వేవ్‌మేకర్‌ను, ఎయిర్ పంపును మాత్రమే నడుపుతాను. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి ఆ వేళల్లో చేపలకు నీటి కదలికే ముఖ్యం. ఇక చిల్లర్ తెరపై కనిపించే అంకె దాని లోపలి నీటిదే. ట్యాంకులో విడిగా ఒక థర్మామీటర్ ఉంచుకుని, రెండింటి మధ్య తేడా చూసి సెట్టింగ్ సరిచేసుకోవాలి.